లోపం దొరకని బండి

ఆ వానాకాలం మా ఇంట్లో ఎవరు ఏ మాట మొదలుపెట్టినా చివరికి బండి దగ్గరికే వచ్చి ఆగేది.

నాన్న చాలాకాలం ఒక యజమాని దగ్గర బండి తోలాడు. ఆయన కొత్తది కొనుక్కుని పాత ఎస్‌యూవీని షెడ్డు వెనక పడేస్తే, అది అక్కడ ఎండకి ఎండి, వానకి తడిసి, ఎలుకలకి ఇల్లయింది. చివరికి దాన్ని వదిలించుకోవాలనుకున్నప్పుడు నాన్నే అడిగి తెచ్చుకున్నాడు. "ఇది నా చేతికింద పెరిగిన బండి. నా మాట వింటుంది" అన్నాడు. మా వీధి నుంచి దారం మిల్లుకి వెళ్ళే ఆడవాళ్ళని పొద్దున దింపి, సాయంత్రం తీసుకొచ్చే పని పెట్టుకున్నాడు. నేనూ ఆ మిల్లులోనే ప్యాకింగులో చేసేదాన్ని.

బండి నాన్న మాట వినలేదు. కుడివైపు ఇండికేటర్ వేస్తే వైపర్లు ఆగిపోయేవి. బ్రేకు తొక్కితే లోపలి దీపం వెలిగేది. వాన గట్టిగా పడితే ఎవరూ ముట్టుకోకుండానే హారన్ మోగేది. దారిన పోయేవాళ్ళు ఉలిక్కిపడి, తిరిగి చూసి తిట్టేవారు.

"నీ బండికి దెయ్యం పట్టిందన్నయ్యా" అనేది ముందు సీట్లో కూర్చునే అత్త. ఆవిడ ఆ సీటు ఎవరికీ ఇవ్వదు, నోరు ఒక్క క్షణం మూయదు. అందుకని మిల్లులో అందరూ ఆవిణ్ణి ముందుసీటత్త అనే పిలిచేవారు.

"దెయ్యమైతే దాన్నీ మిల్లులో పనికి పెట్టుకోమను. ఊరికే ఎక్కించుకు తిప్పడం నావల్ల కాదు" అనేవాడు నాన్న.

బండంతా నవ్వేది. నేను నాన్న వెనక సీట్లో కూర్చునేదాన్ని. మాట్లాడేవాళ్ళంతా ఒకచోట చేరితే నాకు మిగిలిన చోటు అదే. అక్కడినుంచి నాన్న మెడ, చేతులు, అద్దంలో ఆయన కళ్ళు కనిపించేవి.

బండి వైరింగు పని మా మేనమామది. వీధి చివర రేకుల షెడ్డులో ఆయన షాపు. బానెట్ ఎత్తకముందే జబ్బు చెప్తాడని పేరు. బావాబావమరుదులు ఒకచోట ఉంటే చెవులు మూసుకోవాల్సిందే.

"బావా, నువ్వు తెచ్చుకున్నది బండి కాదు. ఎలుకలు కొరికి వదిలేసిన వైర్ల కుప్ప."

"నీకంటే నయంరా. పిలవకుండానే పలుకుతోంది."

"పలకడం కాదు, ఏడుస్తోంది. నీ చేతికి మళ్ళీ చిక్కానే అని."

ముందుగా పోయేది బ్యాటరీ. సాయంత్రం బాగుండేది, పొద్దునకి చచ్చిపోయేది. కరెంటు ఎక్కడో లీకవుతోందని, అది దొరికేదాకా రోజూ బండి ఆపగానే బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, పొద్దున బయల్దేరేముందు బిగించుకోమని మావయ్య చెప్పాడు. అది నాన్నకి ఇంట్లో కాళ్ళు కడుక్కోవడంలాంటి అలవాటయింది. బండి ఆపేవాడు, బానెట్ ఎత్తేవాడు, టెర్మినల్ ఊడదీసి పాత గుడ్డ చుట్టేవాడు, చిన్న స్పానరు చొక్కా జేబులో వేసుకునేవాడు.

"ఆ స్పానరుని చొక్కాతో పాటు ఉతికి ఉతికి మెరిసేలా చేశాను" అనేది అమ్మ.

వానలు బాగా ముదిరాక ఒక సెలవు రోజు మావయ్య బండిలోపలి సీట్లు, కింద పరిచిన మందపాటి పట్టా అన్నీ పీకి బయటపడేశాడు. డ్రైవరు కాళ్ళకింద నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళలో నానిన వైర్ల కట్టలో ఒకటి పచ్చటి పొడిగా రాలిపోయింది. ఆ పొడిని అరచేతిలో పోసుకుని ఇంట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఇదిగో మీ ఆయన దెయ్యం! ఎర్త్ వైరు కుళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ కరెంటుకి ఇంటికి పోయే దారి లేక ఒకసారి హారన్లోకీ, ఒకసారి దీపంలోకీ దూరింది."

కొత్త ఎర్త్ వైరు వేశాడు. ఎలుకలు కొరికినవన్నీ మార్చాడు. నీళ్ళు కారే సందు మూశాడు. నాన్న ఇండికేటర్ వేస్తే వైపర్లు ఆగలేదు. బ్రేకు తొక్కితే దీపం వెలగలేదు. "ఇక టెర్మినల్ ఊడదీయక్కర్లేదు బావా. ఆ స్పానరు నాకిచ్చెయ్" అన్నాడు మావయ్య. నాన్న ఇవ్వలేదు. జేబు మీద చెయ్యి వేసుకుని నవ్వాడు.

కొన్నాళ్ళు బండి పూలబండిలా నడిచింది. ముందుసీటత్తకి మాట్లాడటానికి విషయం లేక మా అందరి పెళ్ళిళ్ళ గురించి మొదలుపెట్టింది.

తర్వాత ఒక పొద్దున సెల్ఫ్ పలకలేదు. ఆడవాళ్ళంతా గొడుగులేసుకుని మా వాకిట్లో నిలబడ్డారు. నాన్న తాళం తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు, టక్కుమన్న చప్పుడు కూడా లేదు. మావయ్య నోట్లో పళ్ళ బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చి బానెట్ ఎత్తాడు. టెర్మినల్ ఊడదీసి ఉంది. దానికి గుడ్డ కూడా శుభ్రంగా చుట్టి ఉంది.

"బావా! పొయ్యి వెలిగించకుండా పాలు పొంగలేదంటే ఎలాగ?"

అందరూ పడీపడీ నవ్వారు. నాన్నా నవ్వాడు. "చేతికి అలవాటైపోయిందిరా. బుర్రకి చెప్పకుండా చేసేసింది" అన్నాడు. మావయ్య టెర్మినల్ బిగించాడు. నాన్న ఆ నవ్వుతోనే బండెక్కాడు గాని, అద్దంలో ఆయన కళ్ళు మిల్లు చేరేదాకా నవ్వలేదు.

ఆ తర్వాత నవ్వే రోజులు తగ్గాయి. ఒకసారి బ్యాటరీ నిజంగానే చచ్చింది. మరోసారి ఫ్యూజు ఊడి ఉంది. ఒక సాయంత్రం బయట వాన లేకపోయినా వైపర్లు ఆగకుండా కొట్టుకుంటూ ఇంటిదాకా వచ్చాయి. "చూశావా, మళ్ళీ మొదలుపెట్టింది" అన్నాడు నాన్న. ప్రతిసారీ మావయ్య వచ్చి చూసేవాడు. ఏదో బిగించేవాడు, ఏదో మార్చేవాడు, తల గోక్కుంటూ వెళ్ళేవాడు.

మిల్లుకి ఆలస్యమైతే మేస్త్రీ గేటు దగ్గరే నిలబెట్టి మాటలనేవాడు. ఆ మాటలన్నీ మూటగట్టుకొచ్చి ఆడవాళ్ళు మావయ్య మీద దింపేవారు.

"తమ్ముడూ, నీకు రాకపోతే రాదని చెప్పు. ఎదురుషాపులో ఇంకోడున్నాడు కదా" అంది ముందుసీటత్త ఒక రోజు.

మావయ్య ఏదో అనబోయాడు. అంతలో నాన్న అందుకున్నాడు. "వాడికి వస్తేగా! పేరు గొప్పే గాని పని సున్న. చేతకాని పనికి చెయ్యి పెట్టి నా నోటికాడ కూడు తీసేస్తున్నాడు."

అది బావమరిదిని ఆటపట్టించే గొంతు కాదు. మావయ్య ముఖం చిన్నదైపోయింది. సామాన్ల పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. గుమ్మంలో నిలబడ్డ అమ్మ తమ్ముణ్ణి వెనక్కి పిలవలేదు, నాన్ననీ ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చుంది.

ఆ మాటకి పట్టుదల వచ్చి మావయ్య బండిని తన షెడ్డులో పెట్టుకున్నాడు. బ్యాటరీకి మీటరు తగిలించి మర్నాటిదాకా వదిలేశాడు. నేను మిల్లు నుంచి వస్తూ ఆగితే, మీటరు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"దొరికిందా మావయ్యా?"

"లేదే. చుక్క కరెంటు కూడా పోవడంలేదు. పాలుతాగే పిల్లలా నిద్రపోతోంది. మరి మీ ఇంటికొస్తే ఏమొస్తుందో దీనికి." అలా అంటూ నావైపు కాకుండా బండివైపు చూశాడు.

బండి మళ్ళీ ఇంటికొచ్చింది.

దాని తర్వాతే వంతెన దగ్గర సంగతి. మిల్లు వదిలి బయల్దేరేసరికి ఆకాశం నల్లగా దిగిపోయి ఉంది. వాన అద్దం మీద పోసినట్టు పడుతోంది. వెనక సీట్లలో కొందరు కునికిపాట్లు పడుతున్నారు. ముందుసీటత్త ఎవరో పడ్డ గొడవ గురించి చెప్తోంది. వంతెన దిగి మలుపు తిరుగుతుండగా నాన్న చెయ్యి డాష్‌బోర్డు మీదికి వెళ్ళింది. వైపర్ల వేగం పెంచుతాడనుకున్నాను. ఆయన వేళ్ళు లైటు మీటని పట్టుకుని తిప్పాయి.

ముందు దారి లేదు. అంతా చీకటి, నీళ్ళు. ఎదురుగా వచ్చే లారీ హారన్ పెద్దదవుతోంది. ముందుసీటత్త కేక పెట్టింది. నాన్న బ్రేకు తొక్కాడు. బండి జారి రోడ్డు అంచుకి వెళ్ళి ఆగింది. లారీ మమ్మల్ని ఊపేస్తూ పక్కనుంచి పోయింది.

"వైరింగు! మళ్ళీ వైరింగు!" అని అరుస్తున్నాడు నాన్న. చెయ్యి మాత్రం డాష్‌బోర్డు అంతా తడుముతోంది. ఒక మీట తిప్పితే గాలి వచ్చింది. ఇంకొకటి నొక్కితే ఏమీ రాలేదు. తాను ఎన్నో ఏళ్ళు తోలిన బండి మీద ఆ చెయ్యి పరాయి ఇంట్లో కరెంటు పోయినప్పుడు గోడలు తడిమే చెయ్యిలా తిరుగుతోంది. లైటు మీట దాటి వెళ్ళింది, తిరిగి వచ్చింది, మళ్ళీ దాటి వెళ్ళింది.

నేను సీటు మీదనుంచి వంగి, ఆయన భుజం పక్కనుంచి చెయ్యి చాపి ఆ మీట తిప్పాను. దీపాలు వెలిగాయి.

"లూజు కాంటాక్టు నాన్నా" అన్నాను.

"చెప్పానా! చెప్పానా నేను!" అన్నాడు వెనక్కి తిరిగి అందరితో. ఆయన ముఖం నిండా చెమట.

"రేపే వెళ్ళి ఆ తమ్ముణ్ణి కడిగేస్తాను చూడు" అంది ముందుసీటత్త.

మర్నాడు మిల్లుకి సెలవు కావడంతో పొద్దున్నే మావయ్య షెడ్డుకి వెళ్ళాను. ముందుసీటత్త నాకంటే ముందే వచ్చి కడిగేసి వెళ్ళినట్టుంది. ఆయన బెంచీ మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. చూసింది చూసినట్టు చెప్పాను. చెప్తున్నంతసేపూ ఒక వైరుముక్కని చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు.

"నాకు అనుమానం వచ్చింది అమ్మలూ. ఆ మీటరు చూసినప్పుడే వచ్చింది. అనుమానం తప్పయితే బాగుండునని మళ్ళీ మళ్ళీ విప్పి చూశాను. ఏదో ఒక లోపం దొరకాలని దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను." వైరుముక్కని పక్కన పడేసి, "అక్కకి తెలుసా?" అన్నాడు.

అమ్మకి మాకంటే ముందే తెలుసు. మేమిద్దరం వంటింట్లోకి వెళ్ళేసరికి నాన్న వీధిలోకి వెళ్ళి ఉన్నాడు. అమ్మ పొయ్యి మంట తగ్గించి మావైపు తిరక్కుండానే చెప్పింది.

"వానలు మొదలయ్యేముందు ఒకరోజు మంచం మీద కూర్చుని నన్నడిగారు. వంతెన ముందొస్తుందా, మిల్లు ముందొస్తుందా అని. రోజూ పోయే మనిషి. నాతో పరాచికాలాడుతున్నారనుకుని, మీ అమ్మనడగండి అన్నాను. నవ్వలేదు. నేను చెప్పేదాకా అలాగే కూర్చున్నారు."

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలక్కా."

"తీసుకెళ్దాం. ముందు ఆ తాళం ఎవరు తీసుకుంటారు? మొన్న నోరు తెరిచి, కొన్నాళ్ళు తోలడం మానెయ్యండి అన్నాను. కంచం ముందునుంచి లేచిపోయి బండిలో కూర్చున్నారు. చీకటి పడేదాకా రాలేదు."

పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడే ఆడవాళ్ళందరూ నా కళ్ళముందు మెదిలారు. వాళ్ళలో ఒకామెకి నెలలు నిండబోతున్నాయి.

"మావయ్యా, బండి స్టార్ట్ కాకుండా చేయగలవా?" అన్నాను.

ఆయన నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "నా చేత్తోనా? బాగున్న బండినా? ఇప్పటికే వీధంతా నాకు పని రాదంటోంది. ఇక బండిని పూర్తిగా చంపేశానంటారు."

"అననీరా" అంది అమ్మ. అప్పుడు తిరిగింది మావైపు. "బండి చెడిపోయిందంటే ఆయన తట్టుకుంటారు."

అక్క కళ్ళు తుడుచుకోవడం చూసి మావయ్య లేచాడు. ఆ మధ్యాహ్నం సర్వీసు చేస్తానని బండిని షెడ్డుకి పట్టుకెళ్ళి, సెల్ఫ్‌కి పోయే వైరు తెంపి, మధ్యలో చిన్న స్విచ్చి పెట్టి, దాన్ని డ్రైవరు సీటు కింద పట్టా వెనకాల దాచాడు. బండిని ఇంటిముందు నిలబెట్టి, దిగేముందు ఆ స్విచ్చి ఆపేశాడు.

మర్నాటినుంచి ఆడవాళ్ళు బస్సు పట్టుకున్నారు, వాళ్ళతో నేనూ. మావయ్య షాపు ముందు ఆగే బండ్లు తగ్గాయి. "సొంత బావ బండినే బాగుచేయలేనివాడు" అన్నమాట ఎదురుషాపువాడికి బాగా పనికొచ్చింది. అయినా మావయ్య రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి, బానెట్‌లో తల దూర్చి వెతుకుతున్నట్టు నటించేవాడు. నాన్న పక్కన నిలబడి తిట్టేవాడు.

"ఒరేయ్, షాపుకి తాళం వేసి కూరగాయలమ్ముకోరా."

"వాటిక్కూడా వైరింగుంటుందేమో బావా, నాకు భయం."

అలా అని తల ఎత్తకుండా కాసేపు ఆ ఇంజను మీదే వంగి ఉండేవాడు.

వాన పడకుండా బండి మీద పరదా కట్టుకుని నాన్న పగలంతా దాని దగ్గరే గడిపేవాడు. మొదట్లో కోపంగా వెతికాడు. రానురాను ఆ కోపం పోయి, ఓపిక వచ్చింది. వైర్లో కరెంటు ఉంటే వెలిగే టెస్ట్ ల్యాంపు పుచ్చుకుని ఒక్కో వైరూ మొదటినుంచి చివరిదాకా చూసుకుంటూ పోయేవాడు. ఎంతవరకు చూశాడో మర్నాటికి మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టేవాడు. అమ్మ టీ ఇచ్చి లోపలికి రాగానే టీ ఇవ్వలేదని పిలిచేవాడు. అమ్మ మళ్ళీ ఇచ్చేది.

వానలు తెరిపిచ్చిన ఒక సెలవు రోజు నన్ను లైటు పట్టుకోమన్నాడు. ఆరోజు ఆయనకి మనసు తేటగా ఉన్నట్టుంది. నన్ను చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచాడు. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి, గోడ పట్టుకుని నడిచినట్టు వేళ్ళతో వైరు పట్టుకుని వెళ్ళాడు. బానెట్ లోపల్నుంచి డాష్‌బోర్డు కిందికి, అక్కడినుంచి పట్టా అంచుకి. తర్వాత ఆయన వేళ్ళు సీటు కిందికి వెళ్ళి ఆగిపోయాయి.

నా చేతిలో లైటు కదిలింది.

"సరిగ్గా పట్టుకో" అన్నాడు మెల్లగా.

స్విచ్చి నొక్కి, సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను ఒక్క పిలుపుకి పలికింది. అమ్మ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి అక్కడే నిలబడిపోయింది. నాన్న ఇంజను శబ్దం వింటూ కూర్చున్నాడు. లైట్లు వేసి ఆపాడు. వైపర్లు వేసి ఆపాడు. ఒక్కోదాన్నీ ఆలోచించుకుని, పేరు మెల్లగా పైకి అనుకుని వేశాడు. అన్నీ పనిచేశాయి. బండి ఆపి, మళ్ళీ వంగి ఆ స్విచ్చి దగ్గర వైరు అతికిన చోటు తడిమి చూశాడు.

"మీ మావయ్య పనే. వీధిలో ఇంకెవరూ ఇంత శుభ్రంగా చేయరు" అన్నాడు.

నేను లైటు కిందికి దించాను.

"బండి ఎప్పట్నుంచి బాగుంది?"

"ఎర్త్ వైరు మార్చినప్పటినుంచీ నాన్నా."

ఆయన వాకిట్లో నీళ్ళ మడుగువైపు చూస్తూ కూర్చున్నాడు. "మరి వంతెన దగ్గర?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. అమ్మవైపు చూశాను. అమ్మ తల దించుకుంది.

"లైటు మీట నువ్వే తిప్పావు నాన్నా."

"నిండా జనం ఉన్నారు కదూ ఆ రోజు" అన్నాడు. కాసేపటికి సీటు కిందికి చెయ్యి పోనిచ్చి తానే స్విచ్చి ఆపేశాడు. ఆ చిన్న చప్పుడు గుమ్మందాకా వినిపించింది.

మర్నాడు పొద్దున ఆడవాళ్ళు బస్సుకి వెళ్తూ నాకోసం మా వాకిట్లో ఆగారు. అమ్మ కబురు పెట్టగా వచ్చిన మావయ్య అప్పటికే అరుగు మీద కూర్చుని, నాన్నకి ఎలా మొహం చూపించాలో తెలియక చెప్పుల వంక చూస్తున్నాడు. ముందుసీటత్త ఆయన్ని చూసి ఊరుకుంటుందా!

"ఏం తమ్ముడూ, వానలు పోతున్నాయి, నీ వైరింగు ఇంకా తేలలేదా? పాపం అన్నయ్య ఎన్నాళ్ళని కూర్చుంటాడు నీకోసం?"

నాన్న లోపల్నుంచి వచ్చాడు. ఎక్కడికో బయల్దేరినవాడిలా తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు.

"వాణ్ణేమీ అనకమ్మా. బండి బాగానే ఉంది. వాడు ఎప్పుడో బాగుచేశాడు. నేనే తోలడం లేదు."

"అదేంటన్నయ్యా, ఎందుకని?"

"మర్చిపోతున్నాను" అన్నాడు నాన్న.

నెలలు నిండబోతున్న ఆమె మెల్లగా ముందుసీటత్త మోచెయ్యి పట్టుకుంది. అందరూ వాకిలి దాటి రోడ్డెక్కారు. నేనూ వెళ్ళాలి, కానీ అరుగు దగ్గరే ఆగిపోయాను. నాన్న బండి తాళం తీసి మావయ్య చేతిలో పెట్టాడు. మావయ్య దాన్ని పట్టుకోలేక పట్టుకున్నాడు.

"బావా, నేను..."

"ఎవరైనా మంచి మనిషిని చూసి ఇచ్చెయ్యరా. ఇచ్చేముందు ఆ స్విచ్చి తీసేసి వైరు కలిపెయ్. లేకపోతే పాపం వాడు బండిలో ఏదో లోపం ఉందనుకుంటాడు."